ఆకుమందు దిగేదాకా

తుల్సీరాం నోరు తెరవలేదు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు తండా మలుపులో బస్సు దిగి వచ్చిన మనిషి, నాలుగు కావస్తున్నా వాకిట్లో నులకమంచం మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉన్నాడు. కుడి అరచేతిలో మోదుగాకు పొట్లం. పొట్లంలో నూరిన పచ్చటి ముద్ద. దాన్ని కింద పెట్టడు, చెయ్యి మార్చడు, ఎవరికీ ఇవ్వడు. ఈగ వచ్చి ముక్కు మీద వాలితే ఎడమచేత్తో తోలాడే గాని ‘ఉష్’ అని కూడా అనలేదు.

పచ్చకామెర్ల ఆకుమందుకు ఉన్న పట్టింపు అది. గోదావరి అవతల అడవిలో నాగక్క అనే ముసలమ్మ నూరి ఇస్తుంది. శనివారమే ఏరు దాటి, భద్రాచలం మీదుగా అడవికి పోయి, అక్కడే పడుకుని, ఆదివారం పొద్దు పొడవకముందు మందు అందుకోవాలి. అది చేతిలో పడ్డ క్షణం నుంచి రోగి కడుపులో పడేదాకా తెచ్చేవాడు పెదవి విప్పకూడదు. పొట్లం నేలకు తగలకూడదు. రోగి పరగడుపున, పొద్దు గూకకముందే మింగాలి.

ఈ తండాలోనే ఇదివరకు గోప్యా అనే ఆయన ఇలా మందు తెస్తుంటే దారిలో ఎలుగుబంటి ఎదురైందట. అరిస్తే మందు పోతుంది, పరుగెత్తితే పొట్లం జారుతుంది. గోప్యా నిలబడి ఎలుగుబంటి వంక చూశాడు. ఎలుగుబంటి గోప్యా వంక చూసింది. ఇద్దరూ మాటా పలుకూ లేకుండా ఎంతసేపు నిలబడ్డారంటే, చివరికి ఎలుగుబంటే విసుగొచ్చి పక్కకు తప్పుకుంది. మందు దిగాక గోప్యా అన్న మొదటి మాట ఎలుగుబంటి గురించి కూడా కాదు. “నాగక్క బీడీ అడిగింది, ఇయ్యడం మరిచిన” అని. అబద్ధమనిపిస్తే గోప్యా మనవళ్లను అడగండి. ఎలుగుబంట్లు రెండంటారు వాళ్లు.

తుల్సీరాంకు ఎదురైంది ఎలుగుబంటి కాదు. దానికంటే చెడ్డదేదో ఎదురైందని కొడుకు రవికుమార్‌కు అనుమానం. మందు తెచ్చిన మనిషి ఆకాశం వంకో, చూరు వంకో చూస్తూ కూర్చుంటాడు. ఈయన రెండున్నర గంటలుగా కొడుకు మొహమే చూస్తున్నాడు.

“ఇంకెంతసేపు బేటా?” అంది సోమ్లి, నీళ్ల గ్లాసు పట్టుకుని. “బాపు రాకముందు నువ్వు తిన్న గా అరటిపండు ఎప్పుడో అరిగి ఉంటది. మీ బాపు చెయ్యి చూడు, కిందికి జారుతుంది.”

“పండు ఒకటి కాదు యాడీ. రెండు తిన్న.”

“ఇందాక ఒకటన్నవ్.”

“రెండోది యాదికి రాలే.”

సోమ్లి వంగి కొడుకు కనురెప్ప కిందికి లాగి చూసింది. “పసుపు తగ్గింది. ఇంకా కొద్దిగుంది” అని తేల్చింది. ఆ కళ్లలో పసుపు ఏనాడూ లేదు. పద్నాలుగు రోజులుగా తల్లి రోజూ చూస్తోంది, రోజూ కొంచెం తగ్గిందనే అంటోంది.

“స్నానం చేసొచ్చి మింగుత” అని రవికుమార్ ఇంటి వెనక్కి నడిచాడు. తండ్రి చూపు వెంటే వచ్చిన సంగతి వీపుకు తెలిసింది.

నీళ్ల డ్రమ్ము దగ్గర భార్య సంగీత కాచుకుని ఉంది.

“మింగకు” అంది గుసగుసగా. “నాగక్క మందు సంగతి నాకెర్క. మా చిన్నమ్మ మింగింది. రోగమున్నోళ్లకు రోగం కడుగుతది. లేనోళ్లకు పేగులు కడుగుతది. మూడు రోజులు చేతిల నుంచి చెంబు దిగదు.”

“మింగకుంటే ఏం చెప్పాలె?”

“ఉన్నది చెప్పు. కామెర్లు లేవు, నర్సరీల పని చేసి చూస్తున్న అని చెప్పు.”

“నువ్వే చెప్పు. ఉపాయం నీదే గదా.”

సంగీత చేతిలో మగ్గు డ్రమ్ము అంచుకు తగిలి చప్పుడు చేసింది. ఇద్దరూ ఒక్కసారి వాకిలి వైపు చూశారు.

“నా ఉపాయం ఏంది?” అంది ఆమె, గొంతు ఇంకా తగ్గించి. “ఉన్న ఉద్యోగం వదలకుండ సెలవు పెట్టి, పదిహేను రోజులు ఆ పని చేసి చూడు, నచ్చితేనే రాజీనామా అన్న. అంతే గదా. రోగం పేరు పెట్టుకున్నది నువ్వు. జొరమంటే ఏం పోయేది?”

“జొరానికి పదిహేను రోజులు ఇయ్యరు.”

“నడుంనొప్పి?”

నడుంనొప్పి అతనికి తట్టనే లేదు. తెలిసిన డాక్టరు ‘సర్టిఫికెట్‌లో ఏం రాయమంటవ్’ అని అడిగినప్పుడు, పన్నెండేళ్ల కండక్టర్ ఉద్యోగంలో తుమ్ముకు కూడా సెలవు పెట్టని మనవాడికి నోటికొచ్చిన రోగం అదొక్కటే. డిపో కాగితానికి కామెర్లు చక్కగా సరిపోయాయి. కాని ఈ అడవి అంచు ఊళ్లల్లో కామెర్లు కాగితంతో పోయేవి కావు. వినబడ్డ పూటే ఇంట్లో ఉప్పు బందు, నూనె బందు, వారం దాటినా పోకుంటే ఎవరో ఒకరు గోదావరి దాటడం ఖాయం. తండాలో పుట్టి పెరిగినవాడు ఆ ఒక్క సంగతీ మరిచిపోయాడు. గుర్తొచ్చేసరికి తండ్రి చంకకు సంచి తగిలించుకుని బస్సెక్కేశాడు.

జేబులో ఫోను మోగింది. తెర మీద మురళీకృష్ణ పేరు.

“ఏమయ్యా రవీ, ఏమనుకున్నావు?” అన్నాడు అవతలి నుంచి నర్సరీ యజమాని. “ఆరింటికల్లా చెప్పాలి. నువ్వు కాదంటే సత్తుపల్లి కుర్రాడొకడు కాచుకుని ఉన్నాడు. నీ పని నాకు నచ్చింది కాబట్టే ఇంతగా అడుగుతున్నాను.”

“చెప్త సార్.”

“రేపు పొద్దున నువ్వు బస్సెక్కావంటే ఇక ఈ మాట లేదు. తెలిసిందిగా.”

ఫోను జేబులో పెట్టుకుని రవికుమార్ తడి రాయి మీద కూర్చున్నాడు. లుంగీ పైకి జరిగితే పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బి కనిపించాయి. భద్రాచలం నుంచి తల్లాడ దాకా, తల్లాడ నుంచి భద్రాచలం దాకా పన్నెండేళ్లు నిలబడ్డ కాళ్లు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్ వచ్చినప్పటి నుంచి బస్సులో చీమ దూరే సందు లేదు. ఆధార్ కార్డు చూపించమంటే తిట్టే తల్లి ఒకరు, చూపించి ‘ఫొటో నాది కాదా’ అని పోట్లాడే తల్లి ఒకరు. నిరుడు ఎండాకాలం ఏన్‌కూరు దాటాక టికెట్ మిషన్ చేతిలో ఉండగానే కళ్లు తిరిగి పడిపోయాడు. పడిపోయాడన్నది మాట వరసకే. పడటానికి చోటు లేక నిలబడే సొమ్మసిల్లాడు.

నర్సరీలో ఏముంది? నల్ల కవర్లలో పామాయిల్ మొక్కలు, వరసకు రెండు వందలు. పొద్దున్నే నీళ్లు పెట్టించాలి, కలుపు తీయించాలి, ఆకు మీద మచ్చ కనబడితే ఆ మొక్కను వేరుచేయించాలి. మొదటి రోజు కూలీలు ట్రాక్టర్ ఎక్కగానే తలలు లెక్కపెట్టి, రేకు మీద రెండు దెబ్బలు కొట్టి ‘రైట్’ అన్నాడు. ట్రాక్టర్ కూడా కదిలింది. వరసల మధ్య విశాలంగా దారి ఉన్నా వారం దాకా పక్కకు తిరిగే నడిచాడు. కాని నాలుగో రోజో ఐదో రోజో ఒక సంగతి గమనించాడు. కాళ్ల కింద నేల కదలడం లేదు. పన్నెండేళ్లలో అలా కదలని నేల మీద అంతసేపు నిలబడింది అదే మొదలు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఉప్పులేని పప్పుతో కూడా కడుపునిండా తిన్నాడు.

“పని మంచిగుంది” అన్నాడు ఇప్పుడు, ఎవరూ అడగకుండానే.

“మంచిగుంటే మొహం అట్ల ఎందుకుంది?” అంది సంగీత. “పోయిన సోమవారం నుంచి చూస్తున్న. బువ్వ కెలుకుతున్నవ్. ఉప్పు లేక అని అత్త అనుకుంటుంది. నేను అనుకోను. ఏం దాస్తున్నవ్?”

“ఏం లేదు.”

“ఏం లేకుంటే అంత గట్టిగ ఎందుకు చెప్తున్నవ్?”

ఆ ఇంట్లో ఆ పూట నోరు మూసుకున్నది తండ్రి ఒక్కడే కాదు.

సోమవారం జరిగింది ఇది. మురళీకృష్ణ తండ్రి వెంకటరామారావుకు ఎనభై అయిదేళ్లు. చూపు మసక. చేతికర్ర పట్టుకుని నర్సరీ గట్టు మీద తిరుగుతుంటాడు. పైపు సరిచేస్తూ వంగి ఉన్న రవికుమార్ వీపు చూసి ఆగాడు.

“ఏరా తుల్సిగా, ఆ నీళ్లు అలా వదిలేశావేంట్రా?”

“చూస్తున్న అయ్యా” అన్నాడు రవికుమార్.

అన్నాక విన్నాడు తను ఏమన్నాడో. ముసలాయన తృప్తిగా తలూపి వెళ్లిపోయాడు. ‘నేను తుల్సీరాంను కాదండీ, కండక్టర్ రవికుమార్‌ను’ అనాల్సింది. అనలేదు. మర్నాడూ అలాగే పిలిచాడు, మర్నాడూ అలాగే పలికాడు. నీళ్లు, పైపులు, మొక్కలు, కదలని నేల, అన్నీ బాగున్నాయి. ఆ ఒక్క మాట మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఎందుకంటే ఆ వెంకటరామారావు వాకిట్లోనే తుల్సీరాం పదేళ్ల వయసు నుంచి ఇరవై ఏడేళ్ల దాకా పాలేరుగా జీతం ఉన్నాడు. ఎడ్లు కాశాడు, పేడ ఎత్తాడు. తుల్సిగా అంటే ‘అయ్యా’ అన్నాడు. కొడుకు ఉద్యోగంలో చేరిన రోజు అతని బస్సే ఎక్కి, టికెట్ కొనుక్కుని, చివరి సీట్లో కూర్చుని ఈ కొస నుంచి ఆ కొసకు పోయాడు. ఆ రోజే వెంకటరామారావు ఎక్కాడు. “కండక్టర్‌గారూ, ఒక తల్లాడ” అన్నాడు. ఆ మాట తుల్సీరాం తండాలో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. మొదట్లో ముసలాయన ‘గారూ’ అన్నాడంతే. రెండేళ్లకు లేచి నిలబడి అన్నాడు. ఈ మధ్య చెప్పినప్పుడు, కండువా తీసి చేత పట్టుకుని అన్నాడు.

వాకిట్లో స్కూటీ ఆగిన చప్పుడైంది.

రవికుమార్, సంగీత ముందుకు వచ్చేసరికి, అతనితోపాటు డిపోలో పనిచేసే నాగలత రెండు కొబ్బరిబోండాలు అరుగు మీద పెడుతోంది. ఒంటి మీద ఇంకా డ్యూటీ చీరే ఉంది. తుల్సీరాంకు నమస్కారం పెట్టింది. ఆయన తల మాత్రం ఊపాడు.

“ఇందాకటి బస్సు మీదే గద బిడ్డా?” అంది సోమ్లి. “మా ముసలాయనకు టికెట్ కొట్టినవా? ఏ ఊరో చెప్పే వీల్లేదాయె.”

“ముసలాయన ఊరు నాకెర్క లేదా పెద్దమ్మా? భద్రాచలంలనే కొట్టిన.” నాగలత రవికుమార్ వైపు తిరిగింది. పైనుంచి కిందికి చూసింది. “కామెర్ల మనిషివి భలే నిగనిగలాడుతున్నవ్ తమ్మీ. ఎండకు నల్లబడ్డవ్ కూడ. మంచంల పండుకుంటే ఎండ ఎట్ల తగిలింది?”

“కూసో అక్కా. చాయ్ తాగు.”

“చాయ్ వద్దు. నీ డ్యూటీ సగం నా నెత్తి మీద పడ్డది, కూసునే అలవాటు పోయింది.” ఆమె ఒక్క క్షణం తుల్సీరాం అరచేతి వంక చూసింది. “చెప్పొద్దనే అనుకుంటూ వచ్చిన. ఆ చెయ్యి చూసినంక చెప్పకుంటే పాపం తగులుతది.”

సంగీత కళ్లు మూసుకుంది.

“సంత కాడ బాలి ఎక్కింది” అంది నాగలత. “పై తండా బాలి. నిల్చున్న చోటు నుంచి కాకను చూసి, బస్సంత వినబడేటట్టు అడిగింది. ‘తుల్సీకాకా, కామెర్ల మందు ఎవరికి? నీ కొడుక్కా? ఏం కామెర్లు కాకా, మొన్న నుంచి మేము నర్సరీల కలుపు తీస్తుంటే మా మీద మేస్త్రి నీ కొడుకే గదా. హెల్మెట్ తియ్యంగనే గుర్తుపట్టిన’ అంది. బస్సంత నవ్వు.”

సోమ్లి నీళ్ల గ్లాసు అరుగు మీద పెట్టింది.

“కాక ఒక్క మాట అనొచ్చు” అంది నాగలత. “అబద్ధమనొచ్చు. నోర్ముయ్యమనొచ్చు. అనలే. పెదవులు అదిరినయ్. కిటికీ దిక్కు మొహం తిప్పుకున్నడు. అప్పుడే పొట్లం బయటికి ఇసిరేస్తడనుకున్న. ఇసిరెయ్యలే. ఇంకింత గట్టిగ పట్టుకున్నడు.” ఆమె స్కూటీ తాళం చేతిలోకి తీసుకుంది. “నువ్వు ఏ పనన్న చేసుకో తమ్మీ, అది నీ ఇష్టం. ఒక ముసలిమనిషితోని నోరు కట్టించి బస్సుల కూసోబెట్టినవ్ చూడు. అది మాత్రం మంచిగ లేదు.”

స్కూటీ మలుపు తిరిగింది.

“హెల్మెట్” అంది సోమ్లి చివరికి. “కొత్తగూడెంల సూదులు వేయించుకునేటందుకు రోజూ బండి మీద పోతున్న అన్నవ్. ఈ తండాల ఎవడూ పెట్టని హెల్మెట్ నా కొడుకు పెడుతుండని మురిసిన.”

“యాడీ...”

సోమ్లి ఇంట్లోకి పోయింది. ఉప్పు డబ్బాతో వచ్చింది. కొడుకు పాదాల ముందు పెట్టింది, మెల్లగా, పసిపిల్లను దించినట్టు.

“తిను” అంది. “నీకు వద్దన్ననాటి నుంచి నేను కూడ చప్పిడిదే తింటున్న. నీ కంచంల లేని ఉప్పు నాకెందుకని.”

ఆమె గుంజకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని రవికుమార్‌కు అనిపించింది.

“అత్తా, తప్పు నాది కూడ” అంది సంగీత.

“నువ్వు మాట్లాడకు. నీకు తెల్సు. నాకు తెల్వదు. అంతే తేడా.”

రవికుమార్ తండ్రి వైపు చూశాడు. అప్పుడు తట్టింది అతనికి. ఈయనకు బస్సులోనే తెలిసిపోయింది. తెలిసి కూడా, రెండున్నర గంటలుగా చెయ్యి పడిపోతున్నా, పొట్లం కింద పెట్టలేదు. ఎందుకు పెడతాడు? మందు పనికొస్తేనే బాలి చెప్పింది అబద్ధమవుతుంది. కొడుకు వెంకటరామారావు వాకిట్లో వంగి నిలబడలేదంటే కొడుక్కు కామెర్లే ఉండాలి. కన్నతండ్రి మంచం మీద కూర్చుని కొడుక్కు నిజంగా రోగమే ఉండాలని మొక్కుకుంటున్నాడు.

రవికుమార్ మంచం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“ఇయ్యి బాపూ. మింగుత.”

“నీకేమన్న పిచ్చా?” అంది సంగీత. “రేపు డ్యూటీకి పోవాలె. పోకుంటే ఆరింటికి ఆయనకు జవాబియ్యాలె. మూడు రోజులు పడిపోతే ఈ ఉద్యోగమూ ఉండదు, ఆ ఉద్యోగమూ ఉండదు.”

“ఉండకుంటే ఉండకపోనీ. ఇది దిగితే గాని బాపు మాట్లాడడు. తిట్టనీ. ఏమన్న అననీ.” అతను రెండు చేతులూ చాపాడు. “ఇయ్యి.”

తుల్సీరాం పొట్లం ముందుకు చాచాడు. చెయ్యి కొడుకు నోటి దాకా వచ్చింది. పసరు వాసన ముక్కుకు ఘాటుగా తగిలింది.

అక్కడ ఆ చెయ్యి ఆగింది. వేళ్లు ముడుచుకున్నాయి. పిడికిలి బిగుసుకుంది. వేళ్ల సందుల్లోంచి పచ్చటి రసం కారి, మణికట్టు మీదుగా మోచేతికి జారి, నేల మీద చుక్కలు చుక్కలుగా పడింది.

“అయ్యో” అంది సోమ్లి, లేవబోతూ. “మందు...”

“జబ్బు లేనోనికి మందేందే” అన్నాడు తుల్సీరాం.

పొద్దున్నుంచి వాడని గొంతు. కంకర మీద ఇనుపచక్రం దొర్లినట్టుంది. అందరూ తిట్లకు సిద్ధపడ్డారు. తిట్లు రాలేదు.

“నర్సరీ ముసలాయన ఉన్నడా ఇంకా?”

“ఉన్నడు బాపూ.”

“చూపు ఆనుతుందా?”

“సరిగ్గ ఆనదు. మసక.”

తుల్సీరాం కండువాతో చెయ్యి తుడుచుకోలేదు. ఆ పచ్చటి చెయ్యి అలాగే మోకాలి మీద పెట్టుకున్నాడు.

“నిన్ను ఏమని పిలుస్తుండు?”

రవికుమార్ తల వంచుకున్నాడు. ఉప్పు డబ్బా మీద చీమ ఒకటి ఎక్కుతోంది. దాన్నే చూశాడు.

“నా పేరే పెట్టి పిలుస్తుండా?”

రవికుమార్ తలూపాడు.

“సరే. పిలిచేటోడు పిలుస్తడు. వాని కండ్లు పోయినయ్.” తుల్సీరాం ముందుకు వంగాడు. “నువ్వేమని పలికినవ్?”

సంగీత భర్త మొహంలోకి చూసింది. వారం రోజులుగా అతను దాస్తున్నదేమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది. సోమ్లి కూడా చూసింది. వాకిట్లో మూడు జతల కళ్లు ఒక్క నోటి కోసం ఆగాయి.

ఫోను మోగింది. ఆరు ఇంకా కాలేదు. మురళీకృష్ణకు తొందరగా ఉన్నట్టుంది.

రవికుమార్ జేబులోంచి తీశాడే గాని ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోతుందనుకుంటుండగా, పసరు అంటిన చెయ్యి ఒకటి వచ్చి ఫోను అందుకుంది. తెర మీద ఎక్కడ నొక్కాలో తెలియక తుల్సీరాం కోడలి వైపు చాపాడు. సంగీత నొక్కి ఇచ్చింది.

“రవీ, చెప్పవయ్యా” అన్న మాట వాకిలంతా వినిపించింది.

“రవి కాదు. నేను తుల్సీరాంను” అన్నాడు తండ్రి, ఒక్కొక్క అక్షరం విడివిడిగా. “కండక్టర్ రవికుమార్ వాళ్ల నాయనను. జవాబు నీకు కాదు మురళీకృష్ణగారూ.”

“మరెవరికి?” అన్నాడు మురళీకృష్ణ.

“ఫోను మీ నాయనకియ్యి.”